సన్నని సోల్ షూస్‌తో ఎనిమిది నెలల రన్నింగ్: వాచ్ చెప్పినవి, చెప్పనివి

"అన్నా, నువ్వు ఏస్కునే షూస్ లింక్ పంపవా? నేను గూడ గవే కొంటా."

పోయిన నెల మా బాబాయ్ కొడుకు నుంచి వచ్చిన వాట్సాప్ మెసేజ్ ఇది. వాళ్లది పర్వతగిరి మండలం. ఇప్పుడు హన్మకొండలో రూమ్ తీసుకుని పోలీస్ కానిస్టేబుల్ ఉద్యోగానికి ప్రిపేర్ అవుతున్నాడు. తెలంగాణలో 2022 నోటిఫికేషన్ ప్రకారం జనరల్ కేటగిరీ మగవాళ్లు 1600 మీటర్లు 7 నిమిషాల 15 సెకన్లలో ఉరకాలి. వాడి టైమ్ 7 నిమిషాల 40 సెకన్ల దగ్గర ఆగిపోయింది. నా పల్చటి షూస్ చూసి, స్పీడ్ అంతా వాటిలోనే ఉందని వాడి నమ్మకం.

లింక్ పంపడం రెండు సెకన్ల పని. అయినా పంపలేదు. ఎందుకు పంపలేదో చెప్పడానికే ఈ ఆర్టికల్.

ఫోన్లు, వాచీలు రివ్యూ చేసే చోట షూస్ గోలేంటి అని మీరు అనుకోవచ్చు. ఈ కథ మొదలైందే ఒక ఫోన్ కెమెరాతో. ముందుకు నడిపించింది ఒక వాచ్. మధ్యలో నన్ను ముంచింది కూడా ఆ వాచ్ మీద నాకున్న అతి నమ్మకమే.

మొదలైంది ఒక స్లో మోషన్ వీడియోతో

నేను రెండేళ్లుగా పొద్దున పూట రన్నింగ్ చేస్తున్నా. ఎక్కువగా సుబేదారిలోని ఆర్ట్స్ కాలేజీ గ్రౌండ్‌లో, అప్పుడప్పుడు కాజీపేట వైపు రోడ్డు మీద. షూస్ మెత్తటివి, మడమ కింద లావుపాటి ఫోమ్ ఉన్నవి. అయినా నాలుగు కిలోమీటర్లు దాటితే కుడి మోకాలి చిప్ప చుట్టూ నొప్పి వచ్చేది. ఒకసారి షూస్ మార్చా, ఇంకొకసారి ఇంకా మెత్తటివి తెచ్చా. నొప్పి పోలేదు.

గ్రౌండ్‌లో రోజూ ఒక రిటైర్డ్ పీఈటీ సార్ వాకింగ్‌కు వస్తారు. ఒకరోజు ఆపి, "బిడ్డా, నువ్వు ఉరుకుతలేవు. మడిమెతోని నేలను గుద్దుతున్నవ్" అన్నారు. నాకు కొంచెం కోపం వచ్చింది. నిజమో కాదో చూద్దామని ఫ్రెండ్ చేతికి ఫోన్ ఇచ్చి, పక్క నుంచి 240 ఎఫ్‌పీఎస్ స్లో మోషన్‌లో వీడియో తీయించా.

సార్ చెప్పింది అక్షరాలా నిజం. కాలు శరీరానికి చాలా ముందు పడుతోంది. మోకాలు దాదాపు నిటారుగా ఉంది, మడమ ముందు తగులుతోంది. అంటే ప్రతి అడుగుకూ నేనే బ్రేక్ వేసుకుంటున్నా.

మీరూ ఈ టెస్ట్ చేయొచ్చు, ఖర్చు సున్నా. ఫోన్‌ను నడుము ఎత్తులో పెట్టి, సరిగ్గా పక్క నుంచి తీయించండి. 240 ఎఫ్‌పీఎస్‌లో ఒక్కో ఫ్రేమ్ అంటే దాదాపు 4.2 మిల్లీ సెకన్లు. పాదం నేలను తాకిన ఫ్రేమ్ నుంచి వదిలిన ఫ్రేమ్ దాకా లెక్కపెడితే నేల మీద ఎంతసేపు ఉందో తెలిసిపోతుంది. నాది 66 ఫ్రేమ్‌లు, అంటే 275 మిల్లీ సెకన్లు. ఒక్క జాగ్రత్త: కొన్ని ఫోన్లలో 960 ఎఫ్‌పీఎస్ అని రాసి ఉన్నా, మధ్య ఫ్రేమ్‌లను సాఫ్ట్‌వేర్ ఊహించి గీస్తుంది. చూడటానికి బాగుంటుంది కానీ కొలతకు పనికిరాదు. కెమెరా నిజంగా షూట్ చేసే 120 లేదా 240 చాలు.

అసలు మినిమలిస్ట్ షూ అంటే ఏంటి?

ఫోన్‌కు స్పెక్ షీట్ ఉన్నట్టే షూకీ ఉంటుంది. ముఖ్యంగా ఇవి చూడాలి:

స్టాక్ హైట్: పాదానికీ నేలకూ మధ్య ఉన్న మందం. ఇప్పటి లావు సోల్ రేసింగ్ షూస్‌కు వరల్డ్ అథ్లెటిక్స్ 40 మిల్లీమీటర్ల లిమిట్ పెట్టాల్సి వచ్చింది. మినిమలిస్ట్ షూస్‌లో చాలావాటికి 10 మిల్లీమీటర్ల లోపే ఉంటుంది.

డ్రాప్: మడమ కింది ఎత్తుకూ ముంగాలి కింది ఎత్తుకూ ఉన్న తేడా. మామూలు రన్నింగ్ షూస్‌లో 8 నుంచి 12 మిల్లీమీటర్లు కామన్. మినిమలిస్ట్‌లో సున్నా, లేదా దానికి దగ్గర.

ఫ్లెక్సిబిలిటీ: షూను చేతితో చుట్ట చుట్టగలగాలి, బట్ట పిండినట్టు మెలిపెట్టగలగాలి.

టో బాక్స్: వేళ్లు విప్పారేంత వెడల్పు ఉండాలి.

వీటికి తోడు బరువు తక్కువ ఉండాలి, పాదాన్ని ఒక పక్కకు వంగకుండా ఆపే గట్టి సపోర్ట్‌లు ఉండకూడదు.

ఇదేం కొత్త ఐడియా కాదు. 1960 రోమ్ ఒలింపిక్స్ మారథాన్‌ను ఇథియోపియాకు చెందిన అబెబె బికిలా ఒట్టి కాళ్లతో 2 గంటల 15 నిమిషాల 16 సెకన్లలో గెలిచాడు. 2009లో క్రిస్టఫర్ మెక్‌డూగల్ రాసిన 'బార్న్ టు రన్' పుస్తకంతో బేర్‌ఫుట్ పిచ్చి ప్రపంచమంతా పాకింది. 2010లో హార్వర్డ్ ప్రొఫెసర్ డేనియల్ లీబర్‌మాన్ టీమ్ 'నేచర్' జర్నల్‌లో ఒక పేపర్ వేసింది. చిన్నప్పటి నుంచి చెప్పుల్లేకుండా పరిగెత్తేవాళ్లు ఎక్కువగా ముంగాలు మీద దిగుతారని, అలా దిగినప్పుడు నేల తగిలే తొలి దెబ్బ తక్కువగా ఉంటుందని దాని సారాంశం.

అయితే కథ అక్కడ ఆగలేదు. 2013లో ఉత్తర కెన్యాలో ఇంకో తెగ మీద చేసిన స్టడీలో, చెప్పుల్లేకుండా పెరిగినవాళ్లు కూడా మామూలు స్పీడ్‌లో ఎక్కువగా మడమ మీదే దిగుతున్నారని తేలింది. ఇక 2014లో, ఐదు వేళ్ల షూస్ తయారుచేసే విబ్రామ్ కంపెనీ అమెరికాలో ఒక క్లాస్ యాక్షన్ కేసును 37.5 లక్షల డాలర్లతో సెటిల్ చేసుకుంది. ఈ షూస్ కండరాలను బలపరుస్తాయని, గాయాలు తగ్గిస్తాయని చేసిన ప్రచారానికి శాస్త్రీయ ఆధారం లేదన్నది ఆ కేసు. కంపెనీ తప్పు ఒప్పుకోలేదు, కానీ డబ్బు కట్టింది.

ఇదంతా నేను చదివాను. చదివి కూడా షూస్ కొన్నా. గ్యాడ్జెట్ పిచ్చోళ్లం కదా, కొత్త హార్డ్‌వేర్ వస్తే పాత ప్రాబ్లమ్ పోతుందనుకుంటాం.

స్టైల్ మార్చడం: ఒక్క నంబర్ పట్టుకుంటే చాలు

రన్నింగ్ స్టైల్ మార్చాలని యూట్యూబ్ తెరిస్తే వంద సలహాలు. ముందుకు వంగు, మోకాలు ఎత్తు, వేళ్ల మీద దిగు. అన్నీ ఒకేసారి చేస్తే పరుగు కాస్తా డ్యాన్స్ అవుతుంది. నాకు పనికొచ్చింది ఒకే ఒక్కటి: క్యాడెన్స్, అంటే నిమిషానికి ఎన్ని అడుగులు వేస్తున్నామో.

నా వాచ్‌లో అది 158 చూపించేది. నేను గంటకు 9 కిలోమీటర్ల స్పీడ్‌లో పరిగెడతా, అంటే నిమిషానికి 150 మీటర్లు. 158 అడుగులతో భాగిస్తే ఒక్కో అడుగు దాదాపు 95 సెంటీమీటర్లు. అదే స్పీడ్‌లో 168 అడుగులు వేస్తే ఒక్కోటి 89 సెంటీమీటర్లకు తగ్గుతుంది. ఆ ఆరు సెంటీమీటర్ల తేడాతోనే కాలు శరీరం కిందకు వచ్చేస్తుంది. మడమతో గుద్దడం దానంతటదే తగ్గుతుంది. "ముంగాలు మీద దిగాలి" అని నేను ఒక్కసారి కూడా బలవంతంగా ప్రయత్నించలేదు.

దీనికి మంచి ఆధారం ఉంది. 2011లో అమెరికాలోని విస్కాన్సిన్ యూనివర్సిటీ టీమ్ 45 మంది రన్నర్ల మీద టెస్ట్ చేసింది. అదే స్పీడ్‌లో అడుగుల సంఖ్య 5 నుంచి 10 శాతం పెంచితే మోకాలి మీద, తుంటి మీద భారం తగ్గింది. ఇక్కడ అసలు పాయింట్ ఏంటంటే, ఇందులో షూస్ పాత్రే లేదు.

అందరూ చెప్పే 180 అనే మ్యాజిక్ నంబర్‌ను పట్టించుకోకండి. 1984 లాస్ ఏంజిలిస్ ఒలింపిక్స్‌లో కోచ్ జాక్ డేనియల్స్ పెద్ద పెద్ద రన్నర్ల అడుగులు లెక్కపెడితే చాలామందికి 180, అంతకంటే ఎక్కువ వచ్చింది. కానీ వాళ్లు రేసులో ఉన్నారు. మనం పొద్దున్నే నిద్రమొహంతో జాగింగ్ చేస్తున్నాం. మీ ఇప్పటి నంబర్‌కు 5 శాతం కలపండి, అదే మీ టార్గెట్.

వాచ్ లేకపోయినా పర్వాలేదు. 30 సెకన్లు అడుగులు లెక్కపెట్టి రెండుతో గుణించండి. తర్వాత ఫోన్‌లో ఫ్రీ మెట్రోనోమ్ యాప్ పెట్టుకుని ఆ బీట్‌కు అడుగు వేయండి. నేను మొదట ఐదు నిమిషాలు బీట్, ఐదు నిమిషాలు మామూలుగా చేశా. మూడు వారాల్లో 166, 168 అలవాటైంది. మళ్లీ వీడియో తీస్తే 60 ఫ్రేమ్‌లు, 250 మిల్లీ సెకన్లు. మోకాలి నొప్పి సగానికి సగం తగ్గింది, అదీ పాత షూస్‌తోనే.

ఇక్కడ ఆగి ఉంటే ఈ ఆర్టికల్ సంతోషంగా ముగిసేది.

ఐదో వారం: వాచ్ "రెడీ" అంది, ఎముక కాదంది

కొత్త షూస్ వచ్చాయి. బ్రాండ్ పేరు రాయను, ఎందుకంటే తప్పు షూది కాదు. వేసుకున్న మొదటి రోజు అనుభవం మాత్రం నిజంగా బాగుంటుంది. నేల తెలుస్తుంది, రాయి తెలుస్తుంది, మన్ను ఎక్కడ తడిగా ఉందో తెలుస్తుంది. మడమతో గుద్దితే వెంటనే నొప్పి, కాబట్టి కాలు తనంతట తానే మెత్తగా దిగుతుంది. ఒక రకంగా ఈ షూ ఒక సెన్సర్. ఏ వాచ్ కన్నా వేగంగా ఫీడ్‌బ్యాక్ ఇస్తుంది.

మొదటి వారం పిక్కలు పట్టేశాయి, మెట్లు దిగాలంటే గోడ పట్టుకోవాల్సి వచ్చింది. రెండో వారానికి తగ్గింది. మూడో వారం పాత దూరాలన్నీ ఈ షూస్‌తోనే మొదలుపెట్టా. వాచ్‌లో రికవరీ పచ్చగా ఉంది, హార్ట్ రేట్ బాగుంది, "ట్రైనింగ్‌కు సిద్ధం" అని రోజూ చెబుతోంది. నేను నమ్మా.

ఐదో వారంలో, కాజీపేట రోడ్డు మీద ఏడో కిలోమీటర్‌లో, పాదం పైభాగంలో సూది గుచ్చినట్టు అనిపించింది. రెండో రోజుకు వాపు. మూడో రోజుకు వేలు పెట్టి నొక్కితే ఒకే చోట, నాణెమంత జాగాలో ప్రాణం పోయే నొప్పి. ఎక్స్‌రేలో ఏమీ కనిపించలేదు. ఎంఆర్ఐ తీస్తే రెండో వేలి వెనక ఉండే పొడవాటి ఎముకలో స్ట్రెస్ రియాక్షన్ అని వచ్చింది. అంటే విరగలేదు, కానీ ఆ దారిలోనే ఉంది. ఇలాంటి గాయం మొదట్లో ఎక్స్‌రేలో కనపడకపోవడం మామూలే. ఆరు వారాలు పరుగు బంద్. ఆ స్కాన్ బిల్లుతో రెండు జతల షూస్ వచ్చేవి.

తర్వాత తెలిసింది, నాకు జరిగింది ముందే పుస్తకాల్లో ఉందని. 2013లో అమెరికాలో 36 మంది రన్నర్లతో పది వారాల స్టడీ చేశారు. కొంతమందిని మెల్లమెల్లగా ఐదు వేళ్ల మినిమలిస్ట్ షూస్‌కు మార్చారు. ముందూ తర్వాతా ఎంఆర్ఐ తీస్తే, ఆ షూస్‌కు మారిన 19 మందిలో 10 మందికి పాదం ఎముకల్లో లోపలి వాపు పెరిగింది. పాత షూస్‌లోనే ఉన్న గ్రూప్‌లో అది ఒక్కరికే.

కారణం సింపుల్. మడమ మీద నుంచి ముంగాలికి మారితే భారం మాయమైపోదు, చోటు మారుతుంది. మోకాలి మీద తగ్గింది చీలమండ మీద, పిక్క మీద, మడమ వెనక ఉండే అకిలీస్ టెండన్ మీద, పాదం ఎముకల మీద పడుతుంది. ఊపిరితిత్తులు వారాల్లో అలవాటు పడతాయి, కండరాలకు ఇంకొంచెం టైమ్ కావాలి. ఎముక తనను తాను కొత్త భారానికి తగ్గట్టు మార్చుకునే ఒక సైకిల్‌కు మూడు నాలుగు నెలలు పడుతుంది. పైగా ఆ రిపేర్‌లో మొదట పాత భాగాన్ని తొలుస్తుంది, తర్వాతే కొత్తది కడుతుంది. అంటే మనకు "సెట్ అయిపోయింది" అనిపించే మూడు నుంచి ఆరు వారాల మధ్యే ఎముక బలహీనంగా ఉండొచ్చు.

మణికట్టు మీది వాచ్ దీన్ని ఎలా కనిపెడుతుంది? దానిలో ఉన్నది గుండె వేగం చదివే లైటు, కదలిక చదివే యాక్సిలరోమీటర్, జీపీఎస్. చేయి ఊపును బట్టి అడుగులు బాగానే లెక్కపెడుతుంది. యాపిల్, శాంసంగ్, గార్మిన్ వాచీల్లో కొన్ని నేల మీద ఉండే సమయం, పైకి ఎగిరే ఎత్తు కూడా చూపిస్తాయి. కానీ పాదంలోని ఎముక ఎంత భారం మోస్తోందో చెప్పే సెన్సర్ అందులో లేదు. "రికవరీ 92 శాతం" అన్నప్పుడు అది గుండె గురించి, నిద్ర గురించి మాట్లాడుతోంది. పాదం గురించి కాదు.

రెండోసారి ఎలా మొదలుపెట్టా

డాక్టర్ ఓకే అన్నాక మళ్లీ మొదలుపెట్టిన పద్ధతి ఇది. మందు చీటీ కాదు, నా అనుభవం మాత్రమే.

మొదటి నెల: సన్న షూస్‌తో నడక మాత్రమే. ఆఫీసుకు, కూరగాయలకు, వాకింగ్‌కు. రన్నింగ్ అంతా పాత షూస్‌తోనే.

రెండో నెల: వారానికి రెండుసార్లు, రన్ మొదట్లో 500 మీటర్లు సన్న షూస్‌తో. తర్వాత గ్రౌండ్ పక్కన కూర్చుని షూస్ మార్చుకోవడమే. నలుగురు నవ్వుతారు, నవ్వనివ్వండి.

మూడో నెల నుంచి: వారానికి 200, 300 మీటర్ల కన్నా ఎక్కువ పెంచలేదు. ప్రతి నాలుగో వారం తగ్గించా.

రోజూ: మెట్టు అంచున నిలబడి మడమలు ఎత్తి దించడం, ఒక్కో కాలికి 15 సార్లు, మూడు సెట్లు.

ఒకే రూల్: పొద్దున లేచాక పాదం పైన వేలితో నొక్కి చూస్తా. ఒకే చోట నొప్పి ఉంటే ఆ రోజు పరుగు లేదు. వాచ్ ఏం చెప్పినా సరే.

ఇప్పుడు వారానికి 20 కిలోమీటర్లలో 6 మాత్రమే సన్న షూస్‌తో, అదీ మన్ను నేల మీద. మిగతావి మామూలు షూస్‌తోనే. మోకాలి నొప్పి లేదు, పాదం నొప్పి లేదు. అయితే మోకాలిని బాగుచేసింది ఈ షూ కాదు, 158 నుంచి 168కి మారడం. షూ ఆ అలవాటును గుర్తుచేసింది, అంతే.

గ్రౌండ్‌లో ఒట్టి కాళ్ల పిల్లల సంగతేంటి?

ఇది చాలామంది అడుగుతారు. ఆర్ట్స్ కాలేజీ గ్రౌండ్‌కు పొద్దున ఐదున్నరకు వస్తే ఊళ్ల నుంచి వచ్చి పోలీస్, ఆర్మీ ఉద్యోగాలకు ప్రిపేర్ అయ్యే పిల్లలు కనిపిస్తారు. కొంతమంది ఒట్టి కాళ్లతోనే ఉరుకుతారు. వాళ్లకు లేని గాయం నీకెందుకు?

ఎందుకంటే వాళ్లు చిన్నప్పటి నుంచి పొలం గట్ల మీద, స్కూల్ గ్రౌండ్‌లో అలాగే తిరిగారు. వాళ్ల ఎముకలకు పదిహేనేళ్ల ట్రైనింగ్ ఉంది. నాది కంప్యూటర్ ముందు కుర్చీ, మెత్తటి చెప్పులు. ఐదు వారాల్లో పదిహేనేళ్లు అప్‌డేట్ కావాలనుకోవడం నా తెలివితక్కువతనం.

ఇంకో మాట. మన జిల్లా నుంచి ప్రపంచ స్థాయికి వెళ్లిన రన్నర్‌ను చూడండి. పర్వతగిరి మండలం కల్లెడకు చెందిన దీప్తి జీవాంజి 2024లో కోబెలో జరిగిన వరల్డ్ పారా అథ్లెటిక్స్‌లో 400 మీటర్ల టీ20 విభాగాన్ని 55.07 సెకన్లలో, ప్రపంచ రికార్డుతో గెలిచింది. అదే ఏడాది పారిస్ పారాలింపిక్స్‌లో కాంస్యం. అంతటి టైమ్ వెనక ఏళ్ల ట్రైనింగ్ ఉంటుంది. ఒక్క కొనుగోలుతో రాదు.

కొనాలా, వద్దా?

కొనొచ్చు: ఆరు నెలలు ఓపిక పట్టగలిగితే, గాయాలేమీ లేకపోతే, పక్కన మామూలు షూస్ కూడా ఉంచుకుంటే.

వద్దు: మూడు నాలుగు నెలల్లో ఈవెంట్, రేస్ లేదా ఫిజికల్ టెస్ట్ ఉంటే. పిక్క, మడమ లేదా పాదంలో ఇప్పటికే నొప్పి ఉంటే. షుగర్ వల్ల పాదాల్లో స్పర్శ తగ్గినవాళ్లు అసలు వద్దు.

కొనేటప్పుడు ఇన్‌సోల్ బయటకు తీసి దాని మీద నిలబడండి. వేళ్లు అంచు దాటితే ఆ సైజు మీది కాదు. సాయంత్రం పూట ట్రై చేయండి, అప్పటికి పాదం కొంచెం ఉబ్బి ఉంటుంది. మన దగ్గర ఇంకో సమస్య పల్లేరు కాయలు. పల్చటి సోల్‌లోంచి గుచ్చుకుంటే ఆ రోజు పరుగు అయిపోయినట్టే. ఎండాకాలం పది దాటాక తారు రోడ్డు మీద వీటితో అడుగు కూడా పెట్టకండి.

మరి మా వాడి సంగతి?

లింక్‌కు బదులు, "రేపు పొద్దున స్టేడియానికి రా" అని మెసేజ్ పెట్టా. హన్మకొండ జవహర్‌లాల్ నెహ్రూ స్టేడియంలో సింథటిక్ ట్రాక్ ఉంది, 1600 అంటే సరిగ్గా నాలుగు రౌండ్లు. ముందు స్లో మోషన్ తీశా. కాలు శరీరం కిందే పడుతోంది, అడుగు మెత్తగా ఉంది. ఊళ్లో చెప్పుల్లేకుండా పెరిగినవాడు, వాడిలో మార్చాల్సిన స్టైలే లేదు!

తర్వాత ప్రతి రౌండ్‌కూ ల్యాప్ బటన్ నొక్కా. మొదటిది 1:32. రెండోది 1:55. మూడోది 2:05. నాలుగోది 2:08. మొత్తం 7:40. ప్రాబ్లమ్ అక్కడే ఉంది. 7:15 రావాలంటే ఒక్కో రౌండ్‌కు 1:48 చాలు. వీడు మొదటి రౌండ్‌లోనే 16 సెకన్లు ముందు ఖర్చుపెట్టి, మిగతా మూడు రౌండ్లు అప్పు కడుతున్నాడు.

"అంటే షూస్ అవసరం లేదా అన్నా?" అన్నాడు, కొంచెం డల్‌గా.

"నీ కాళ్లు మంచిగున్నయ్ రా. తొందర తగ్గించుకో, చాలు" అన్నా.

నాలుగు వారాలుగా పాత షూస్‌తోనే, మొదటి రౌండ్ 1:48కి కట్టేసి ప్రాక్టీస్ చేస్తున్నాడు. మొన్న ఆదివారం 7:19 వచ్చింది. ఇంకా నాలుగు సెకన్లు. షూస్ కోసం దాచుకున్న డబ్బుతో ఏం చేశావని అడిగితే, నెల రోజులకు గుడ్లు, అరటిపండ్లు కొన్నానన్నాడు.